తెలుగు చదివే తెర, పని నడిచే సిస్టమ్: గోదావరి డెల్టాలో కంప్యూటర్ ఎంచుకునేవాళ్లకు

"విండోస్ మంచిదా, లినక్స్ మంచిదా, మ్యాక్ మంచిదా?" అన్న ప్రశ్నతో మొదలుపెడితే ఎంపిక ఎప్పటికీ తేలదు. ముందు ఒక కాగితం తీసుకుని రోజూ తెరిచే ప్రోగ్రాములు, తగిలించే ప్రింటర్, డోంగిల్, వేలిముద్ర యంత్రం, స్కానర్ పేర్లు రాయండి. మోడల్ నంబర్లతో సహా రాయాలి. ఏ సిస్టమ్ కావాలో ఆ కాగితమే చెప్తుంది. తెర సంగతి వేరు. రోజులో ఎక్కువసేపు తెలుగు చదువుతారా, ఫొటోలు దిద్దుతారా, ఆటలాడతారా అన్నదాన్ని బట్టి దాన్ని ఎంచుకోవాలి. ఇక కొన్న సామాను ఎన్నేళ్లు నిలుస్తుందన్నది మన కరెంటు, తేమ, సముద్రం వైపు ఊళ్లలో అయితే ఉప్పుగాలి తేలుస్తాయి. ఈ మూడూ చూసుకున్నాకే రంగురంగుల లైట్లు, సెకనుకు 165 సార్లు మారే (165 హెర్ట్జ్) తెర, ఆర్చ్ లాంటి లినక్స్ రకాల గురించి ఆలోచించాలి. డబ్బు కూడా ఈ వరసలోనే ఖర్చుపెట్టాలని నా గట్టి అభిప్రాయం.

విండోస్ తప్పని చోట్లు

రైస్ మిల్లు, మేత డీలరు, చేపల కమీషన్ కొట్టు: వీటిలో లెక్కలు ట్యాలీలోనే ఉంటాయి. ట్యాలీప్రైమ్ విండోస్ మీద నడిచే ప్రోగ్రామ్, అదీ 64 బిట్ విండోస్ మీదే. లినక్స్‌లో వైన్ (విండోస్ ప్రోగ్రాములను లినక్స్ మీద నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టి నడిపే ప్రయత్నాలు ఇంట్లో చేసుకోవచ్చు కానీ, జీఎస్టీ రిటర్న్ గడువు రోజు సాయంత్రం అది తెరుచుకోకపోతే ఆదుకునేవాళ్లు ఉండరు. అలాంటి చోట విండోస్ 11 పెట్టండి, ఇంకో ఆలోచన వద్దు.

మీసేవ, ఆధార్ లావాదేవీలు నడిపే చోట కూడా అంతే. వేలిముద్ర యంత్రాన్ని ఆధార్‌తో కలిపే ఆర్‌డీ సర్వీస్ అన్న సాఫ్ట్‌వేర్‌ను తయారీదారులు ప్రధానంగా విండోస్‌కూ ఆండ్రాయిడ్‌కూ ఇస్తారు. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్లలో కొన్నిటికి లినక్స్ డ్రైవర్లు ఉన్నా, పోర్టల్ అడిగే సంతకం సాఫ్ట్‌వేర్ దగ్గర పని ఆగిపోతుంది.

శుభలేఖలు, కరపత్రాలు కొట్టే డీటీపీ సెంటర్ల సంగతి కాస్త వివరంగా చూడాలి. భీమవరం, తణుకు, అమలాపురం ఎక్కడ చూసినా పేజీలు పేర్చే పేజ్‌మేకర్ 7, తెలుగు ఫాంట్లు ఇచ్చే అను స్క్రిప్ట్ మేనేజర్, అందులోని యాపిల్ అన్న తెలుగు కీబోర్డు లేఅవుట్, ఈ మూడింటి మీదే ఏళ్ల తరబడి చేతులు స్థిరపడ్డాయి. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. ఆ తర్వాత కొత్త తరం రాలేదు, దానికి యూనికోడ్ (అక్షరాలను ఏ మిషన్‌లోనైనా ఒకేలా గుర్తించే ప్రమాణం) తెలియదు. అను ఫాంట్లలో కొట్టిన ఫైలు ఆ ఫాంట్లు లేని మిషన్‌లో తెరిస్తే గుర్తుల గందరగోళం కనిపిస్తుంది. అయినా పాత ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి కాబట్టి విండోస్ వదలలేరు. విండోస్ 11లో పేజ్‌మేకర్ అక్షరాలు మసకగానో మెనూలు మరీ చిన్నగానో కనిపిస్తే, ప్రోగ్రామ్ ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, కంపాటిబిలిటీ, చేంజ్ హై డీపీఐ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఓవర్‌రైడ్ దగ్గర టిక్ పెట్టి, సిస్టమ్ ఎన్‌హాన్స్‌డ్ ఎంచుకోండి. అప్పటికీ కుదరకపోతే తెర స్కేలింగ్ 100 శాతానికి తేవడం ఒక్కటే దారి. అందుకే పేజ్‌మేకర్ నడిపే మిషన్‌కు 4కే (చుక్కలు చాలా ఎక్కువుండే) తెర కొనొద్దని చెప్తాను.

కొత్తగా సెంటర్ పెట్టేవాళ్లు మాత్రం పాత దారి పట్టకండి. యూనికోడ్‌లో మొదలుపెట్టండి. ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ ఆన్ చేస్తే వత్తులు సరిగా కూర్చుంటాయి. ఉచితంగా కావాలంటే 2024 జనవరిలో వచ్చిన స్క్రైబస్ 1.6 తెలుగును చక్కగా పేరుస్తుంది. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మార్చాక సంయుక్తాక్షరాలు, అంకెలు, కొటేషన్ గుర్తులు ఒకసారి ప్రూఫ్ చదవకుండా ప్రెస్సుకు పంపొద్దు. పెళ్లికొడుకు ఇంటిపేరులో వత్తు ఎగిరిపోతే కార్డులన్నీ మళ్లీ కొట్టాలి.

పాత మిషన్ చేతిలో ఉంటే

విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14న ముగిసింది. ఇళ్లలో వాడేవాళ్లకు పొడిగించిన భద్రతా అప్‌డేట్ల కార్యక్రమం 2026 అక్టోబరు 13 వరకు పెట్టారు. విండోస్ 11కు ఇంటెల్ అయితే 8వ తరం, ఏఎండీ అయితే రైజెన్ 2000 వరుస నుంచి మొదలు, దాంతోపాటు టీపీఎం 2.0 (భద్రతా చిప్), సెక్యూర్ బూట్ (నమ్మకమైన సిస్టమ్‌నే మొదలవనిచ్చే సెట్టింగ్) కావాలి. విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కి tpm.msc అని టైపు చేస్తే టీపీఎం ఉందో లేదో తెలుస్తుంది. లేదని చూపిస్తే వెంటనే మిషన్ మార్చేయకండి. చాలా బోర్డుల్లో అది బయోస్‌లో (మిషన్ మొదలయ్యేటప్పుడు తెరుచుకునే బోర్డు సెట్టింగులు) ఆఫ్ చేసి ఉంటుంది. ఇంటెల్‌లో పీటీటీ, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అన్న పేర్లతో వెతికి ఆన్ చేయండి.

అంతకన్నా పాత మిషన్‌లో రూఫస్‌తో (ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్ తయారుచేసే ప్రోగ్రామ్) నిబంధనలు దాటించి విండోస్ 11 వేయడం ఇప్పుడు చాలా షాపుల్లో చేస్తున్నారు. ఇల్లు, ఆటల వరకు పరవాలేదు. వ్యాపారం లెక్కలున్న మిషన్‌కు అది తగదు, ఎందుకంటే అలాంటి వాటికి అప్‌డేట్లు వస్తాయన్న హామీని మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. కోర్ 2 డ్యుయో లాంటి మరీ పాత ప్రాసెసర్లలో అయితే విండోస్ 11 24హెచ్2 వెర్షన్ నుంచి అసలు బూట్ కాదు. ఆ వెర్షన్‌కు కావలసిన ఎస్‌ఎస్‌ఈ 4.2 అన్న ప్రాసెసర్ ఆదేశాలు వాటిలో లేవు.

ఇలాంటి మిషన్‌లో ఉత్తరాలు, బ్రౌజింగ్, పిల్లల చదువు, యూట్యూబ్ మాత్రమే పనైతే లినక్స్ మింట్ పెట్టండి. మింట్ 22 వరుసకు 2029 వరకు అప్‌డేట్లు ఉన్నాయి. 4 జీబీ ర్యామ్ ఉంటే తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్, 8 జీబీ ఉంటే సినమన్ ఎడిషన్. కానీ ఏ సిస్టమ్ వేసినా ముందు హార్డ్ డిస్క్ తీసేసి 240 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు) పెట్టించండి. పాత మిషన్‌లో వేగం తేడా తొంభై పాళ్లు అక్కడే కనిపిస్తుంది. లినక్స్ వల్ల మిషన్ పరుగెడుతోందని మెచ్చుకునే చాలా సందర్భాల్లో ఆ ఘనత ఎస్‌ఎస్‌డీది.

వేసే క్రమం ఇది. మొదట ఫైళ్లన్నీ బయటి డిస్కులోకి కాపీ చేసి, కాపీ అయినవి తెరిచి చూడండి. ఐఎస్‌ఓ (సిస్టమ్ ఇన్‌స్టాల్ ఫైలు) దించుకున్నాక, ఫైలు పాడవలేదని చూపే ఎస్‌హెచ్‌ఏ 256 సంకేతాన్ని సైటులో ఇచ్చినదానితో సరిపోల్చండి. వానల్లో నెట్ తెగి తెగి వచ్చే ఊళ్లలో సగం పాడైన ఫైలు దిగడం మామూలే, ఇన్‌స్టాల్ మధ్యలో ఆగిపోవడానికి అదే పెద్ద కారణం. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి రూఫస్‌తోనో ఎచర్‌తోనో ఎక్కించి, ముందు ఇన్‌స్టాల్ చేయకుండా లైవ్‌లో నడిపి వైఫై, సౌండు, ప్రింటర్ చూసుకోండి. విండోస్‌ను పక్కన ఉంచుకునేట్టయితే కంట్రోల్ ప్యానెల్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయాలి. ఆపకపోతే విండోస్ డిస్క్ సగం నిద్రలో ఉండిపోయి, లినక్స్‌లో చదవడానికి తప్ప రాయడానికి వీలుపడదు. బిట్‌లాకర్ (డిస్కుకు తాళం వేసే విండోస్ సదుపాయం) ఉన్న ల్యాప్‌టాప్ అయితే రికవరీ కీ కాగితం మీద రాసుకున్నాకే బయోస్‌లో చెయ్యి పెట్టండి.

రెండు సిస్టమ్‌లు ఉన్నప్పుడు గడియారం అయిదున్నర గంటలు తప్పు చూపిస్తుంది. లినక్స్ బోర్డు గడియారాన్ని యూటీసీగా (ప్రపంచ ప్రామాణిక సమయం), విండోస్ స్థానిక సమయంగా లెక్కేసుకుంటాయి, తేడా అక్కడ వస్తుంది. లినక్స్ టెర్మినల్‌లో timedatectl set-local-rtc 1 అన్న ఆదేశం ఇస్తే సర్దుకుంటుంది. ఇక మింట్‌లోని టైమ్‌షిఫ్ట్ (సిస్టమ్‌ను పాత స్థితికి తెచ్చే ప్రోగ్రామ్) మొదటి రోజే ఆన్ చేయండి. అయితే అది సిస్టమ్ ఫైళ్లనే దాస్తుంది, మీ ఫొటోలనూ ఉత్తరాలనూ కాదు. వాటికి వేరే కాపీ ఉండాల్సిందే.

ప్రింటర్ దగ్గర జాగ్రత్త. మన జిరాక్స్ షాపుల్లో బాగా కనిపించే కేనన్ ఎల్‌బీపీ 2900కు లినక్స్‌లో క్యాప్ట్ డ్రైవర్ ఉన్నా, ఎక్కించడం ఒక పోరాటం, అప్‌డేట్ వచ్చినప్పుడల్లా మొండికేయవచ్చు. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 నడుస్తుంది కానీ హెచ్‌పీలిప్ ప్లగిన్ విడిగా వేయాలి. ప్రింటర్ ఆన్ చేసిన ప్రతిసారీ ఫర్మ్‌వేర్ దానిలోకి వెళ్లాలి కాబట్టి ప్లగిన్ లేకపోతే అచ్చు రాదు. ఎప్సన్ ఇంక్ ట్యాంక్ వరుసతో ఇబ్బంది తక్కువ.

తెలుగు టైపింగ్ గురించి లినక్స్ మీద ఉన్న భయం మాత్రం అక్కర్లేనిది. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ibus-m17n అన్న ప్యాకేజీ వేసి, లాగౌట్ అయి మళ్లీ వచ్చి, ఐబస్ ప్రిఫరెన్సెస్‌లో తెలుగు కింద చూడండి: ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, పోతన, వీటితోపాటు యాపిల్ లేఅవుట్ కూడా ఉంటుంది. అను మీద చెయ్యి తిరిగినవాళ్లకు ఇది పెద్ద ఊరట. సంయుక్తాక్షరాల దగ్గర కొన్నాళ్లు తడబాటు ఉండొచ్చు, కానీ వచ్చేది నేరుగా యూనికోడ్. లిబ్రేఆఫీస్‌లో తెలుగు అక్షరాల సైజు మారడం లేదని చాలామంది విసుగుతారు. అక్కడ తెలుగు ఫాంటు, సైజు కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ కింద విడిగా ఉంటాయి. టూల్స్, ఆప్షన్స్, లాంగ్వేజెస్‌లో ఆ టిక్ పెట్టి, స్టైల్‌లో తెలుగు ఫాంటు మార్చాలి. విండోస్‌లో అయితే తెలుగు భాష జోడించగానే ఇన్‌స్క్రిప్ట్, ఫొనెటిక్ రెండు కీబోర్డులూ సిస్టమ్‌తోనే వస్తాయి.

మ్యాక్ గురించి క్లుప్తంగా. వీడియో ఎడిటింగ్, సంగీతం మీద బతికేవాళ్లకు ఎం4 మ్యాక్ మినీ మంచి కొనుగోలు. కరెంటు చాలా తక్కువ తింటుంది, చిన్న యూపీఎస్ మీద కూడా చాలాసేపు నిలుస్తుంది. ట్యాలీ, అను, వేలిముద్ర యంత్రం మీ కాగితం మీద ఉంటే అటు చూడకండి. సెకండ్‌హ్యాండ్ ఇంటెల్ మ్యాక్ ఎంత చవకగా వచ్చినా వద్దు. మ్యాక్ఓఎస్ 26తో వాటికి కొత్త వెర్షన్లు ఆగిపోతున్నాయి. మ్యాక్‌కు తెర ఖర్చు కూడా కలుపుకోవాలి. 2018 నాటి మొహావే నుంచి అక్షరాల అంచులు నునుపు చేసే సబ్‌పిక్సెల్ మెరుగులు తీసేశారు కాబట్టి మామూలు 1080పీ (నిలువునా 1080 చుక్కలుండే) మానిటర్ మీద తెలుగు పలచగా, నీరసంగా కనిపిస్తుంది. 27 అంగుళాల 4కే ఉంటేనే దాని అందం.

గూగుల్ ఇచ్చే, బ్రౌజర్ చుట్టూ నడిచే క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ పెద్దవాళ్లు వాడే పాత ల్యాప్‌టాప్‌కు బాగుంటుంది. అందులో ఆండ్రాయిడ్ యాప్‌లు రావు, నెట్ పోతే పని సగం ఆగుతుంది. తుపాను రోజుల్లో మూడు నాలుగు రోజులు నెట్ లేని లంక గ్రామాల్లో ఇది గుర్తుపెట్టుకోవాలి.

విద్యార్థులు, లినక్స్ మోజు

ఇంజనీరింగ్ హాస్టళ్లలో ఆర్చ్ వేయడం, నెలకో డిస్ట్రో (లినక్స్ రకం) మార్చడం, డెస్క్‌టాప్‌ను ముస్తాబు చేసి స్క్రీన్‌షాట్ పెట్టడం ఒక సంస్కృతి. దాన్ని తేలిగ్గా తీసేయను. పార్టిషన్లు, బూట్‌లోడర్, డ్రైవర్లు ఏ పాఠ్యపుస్తకం కన్నా అక్కడే బాగా తెలుస్తాయి. అయితే నేర్చుకునే మిషన్, పరీక్షకు ప్రాజెక్టు అప్పగించే మిషన్ ఒకటే కాకూడదు. ప్రయోగాలకు వర్చువల్‌బాక్స్ (ఒక సిస్టమ్ లోపల ఇంకోటి నడిపే ప్రోగ్రామ్) గానీ విడిగా చిన్న ఎస్‌ఎస్‌డీ గానీ పెట్టుకోండి. ఆర్చ్‌ను వేసవి సెలవుల్లో వదిలేసి జూన్‌లో తెరిచి అప్‌డేట్ చేస్తే సంతకాలు చెల్లలేదని ఎర్రర్లు వస్తాయి. ముందు ఆర్చ్‌లినక్స్-కీరింగ్ ప్యాకేజీని తాజా చేసి, వెంటనే మొత్తం సిస్టమ్ అప్‌డేట్ చేయాలి. ఒక్క ప్యాకేజీ మాత్రం కొత్తది వేసుకుని మిగతావి పాతగా వదిలేస్తే లైబ్రరీలు పొసగక సిస్టమ్ విరుగుతుంది.

సివిల్, మెకానికల్ వాళ్లకు ఆటోక్యాడ్, సాలిడ్‌వర్క్స్ కావాలి, అంటే విండోస్. కంప్యూటర్ సైన్సు వాళ్లకు నా సలహా విండోస్ 11 మీద డబ్ల్యూఎస్‌ఎల్, అంటే విండోస్ లోపలే లినక్స్ నడిపే సదుపాయం. ఒక్క ఆదేశంతో ఉబుంటు దిగుతుంది, కాలేజీ పరీక్షల సాఫ్ట్‌వేర్ కూడా చెడదు. 16 జీబీ ర్యామ్ లేకుండా మాత్రం దిగొద్దు. ఆటల్లో స్టీమ్ అన్న ఆన్‌లైన్ దుకాణంవి చాలావరకు ప్రోటాన్ అన్న దాని సదుపాయంతో లినక్స్‌లో నడుస్తాయి. వాలరెంట్ నడవదు, దాని వాన్‌గార్డ్ యాంటీచీట్ (ఆటలో మోసాలు పట్టే ప్రోగ్రామ్) విండోస్‌కే.

తెర: థ, ధ, ద విడిగా కనిపించాలి

మానిటర్ ప్రకటనలన్నీ హెర్ట్జ్, మిల్లీసెకన్ల చుట్టూ తిరుగుతాయి. తెలుగు చదివేవాళ్లకు అంతకన్నా ముఖ్యమైనది అంగుళానికి ఎన్ని పిక్సెళ్లు (తెర మీది చుక్కలు) అన్నది. ఇంగ్లీషు అక్షరం ఒక వరుసలో నిలబడుతుంది. మన అక్షరానికి పైన తలకట్టు లేదా గుడి, మధ్యలో ఒళ్లు, కింద వత్తు, ఒక్కోసారి దాని కింద ఇంకో వత్తు. అదే ఎత్తులో ఇవన్నీ ఇమడాలి. పిక్సెళ్లు చాలకపోతే ముందు పోయేవి చిన్న గీతలు, చుక్కలు. ద, ధ, థ ఒకలాగే కనిపిస్తాయి, ప పక్కన ఫ, బ పక్కన భ తేలవు.

24 అంగుళాల 1080పీ తెరకు అంగుళానికి దాదాపు 92 పిక్సెళ్లు. 21.5 అంగుళాలకు అదే 1080పీ అయితే 102. 27 అంగుళాల 1080పీకి 82 మాత్రమే. షాపులో పెద్దగా కనిపించి మోసపోయేది ఈ మూడోదే. వెడల్పు పెరుగుతుంది కానీ అక్షరం ముతకగా తయారవుతుంది. 27 అంగుళాలు కావాలంటే 1440పీ తీసుకోండి, 109 వస్తాయి, స్కేలింగ్ 100 శాతంలోనే తెలుగు హాయిగా చదవొచ్చు. రోజంతా ప్రూఫులు చూసేవాళ్లకు, ఆన్‌లైన్ పాఠాలు తయారుచేసే టీచర్లకు నేను మొదట సూచించేది ఇదే. 27 అంగుళాల 4కేలో 163 వస్తాయి, 150 శాతం స్కేలింగ్‌తో అచ్చు పేజీలా ఉంటుంది. అయితే పాత డెస్క్‌టాప్ హెచ్‌డీఎంఐ 1.4 అయితే 4కేలో సెకనుకు 30 ఫ్రేములే ఇస్తుంది, మౌస్ ఈడ్చినట్టు కదులుతుంది. బోర్డులో డిస్‌ప్లేపోర్టు ఉంటే ఆ కేబుల్ వాడండి.

షాపుకెళ్లినప్పుడు అక్కడ తిరిగే రంగుల వీడియో చూసి నిర్ణయించకండి. నోట్‌ప్యాడ్ తెరిపించి, 11 పాయింట్లలో "అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి రథం, ద్రాక్షారామ భీమేశ్వరుడి కథ" అని టైపు చేయించండి. రెండడుగుల దూరం నుంచి క్ష్మీ కింది మ వత్తు, థ లోపలి చుక్క తేటగా కనిపిస్తే తెర పనికొస్తుంది. మసకగా ఉంటే ముందు కేబుల్ చూడండి. చాలా షాపుల్లో ఇంకా వీజీఏ కేబులే తగిలించి ఉంటుంది, హెచ్‌డీఎంఐకి మార్చగానే సగం మసక పోతుంది. ఆ తర్వాత విండోస్‌లో క్లియర్‌టైప్ ట్యూనర్ నడపండి. నలుపు బూడిదరంగులో కనిపిస్తే గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో ఆర్‌జీబీ రేంజ్ లిమిటెడ్‌లో ఉందేమో చూసి ఫుల్‌కు మార్చండి.

ప్యానెల్ రకాల్లో మన అవసరాలకు ఐపీఎస్ ముందుంటుంది. కాంట్రాస్ట్ (తెలుపు, నలుపుల తేడా) 1000కి ఒకటి చుట్టూ ఉంటుంది, పక్క నుంచి చూసినా రంగు మారదు. కౌంటరు అవతల నిలబడ్డ ఖాతాదారుకు శుభలేఖ చూపించేటప్పుడు ఇది అవసరం. వీఏలో నలుపు చిక్కగా ఉంటుంది, 3000 వరకు వెళ్తుంది, సినిమాలకు బాగుంటుంది. కానీ నల్లటి నేపథ్యం మీద అక్షరాలు జరుపుతుంటే వెనక నీడ సాగుతుంది. టీఎన్ ఇప్పుడు కొనాల్సిన అవసరం లేదు. ఓఎల్ఈడీ రంగులు అద్భుతం, అయితే దాని సబ్‌పిక్సెళ్ల అమరిక వేరు కాబట్టి సన్నని వంపుల అంచున రంగు మరకలు తేలతాయి. పైగా రోజంతా కదలని టూల్‌బార్, ట్యాలీ తెర దాని మీద శాశ్వతంగా ముద్రపడొచ్చు. ఆటలకూ సినిమాలకూ అది సరే, కొట్టుకు కాదు.

ఫ్లెక్సీ, ఫొటో స్టూడియో వాళ్లు బాక్సు మీద 99 లేదా 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ (తెర చూపగల రంగుల పరిధి కొలత) అని ఉన్నదే తీసుకోండి. 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (అలాంటిదే ఇంకో కొలత) అని రాసి ఉన్న ల్యాప్‌టాప్ తెర మీద రంగులు దిద్దితే ఎరుపులు సరిగా కనిపించవు. తెర మీద పాలిపోయిందని పెంచుతారు, ప్రింటులో మొహాలు ఎర్రబడతాయి. రోడ్డు వైపు తెరిచి ఉండే కొట్టుకు 300 నిట్స్ (వెలుగు కొలత), మెరవని మ్యాట్ తెర ఉండాలి. లోపలి గదికి 250 చాలు. హెర్ట్జ్ విషయానికొస్తే, ఇప్పుడు మామూలు ఆఫీసు మానిటర్లు కూడా 100 హెర్ట్జ్‌తో వస్తున్నాయి, అంతకు మించి ఆటలాడనివాళ్లు డబ్బు పెట్టక్కర్లేదు. ఆ డబ్బు యూపీఎస్‌కు పెట్టండి.

కరెంటు, తేమ, పురుగులు

చెరువుల ఏరియేటర్లన్నీ ఒకేసారి ఆన్ అయ్యే ఊళ్లలో వోల్టేజి ఒక్కసారిగా పడి లేస్తుంది. లైన్ ఇంటరాక్టివ్ రకం 600 వీఏ యూపీఎస్ ఒక డెస్క్‌టాప్‌కూ 24 అంగుళాల తెరకూ పది పదిహేను నిమిషాలు ఇస్తుంది, ఫైలు దాచి ఆపడానికి అది చాలు. లేజర్ ప్రింటర్‌ను దానికి తగిలించకండి, వేడెక్కేటప్పుడు లాగే కరెంటుకు యూపీఎస్ ట్రిప్ అవుతుంది. గేమింగ్ పీసీల్లో యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటు లాగే తీరును సవరించే సర్క్యూట్) ఉన్న ఎస్‌ఎంపీఎస్ (మిషన్‌లోని పవర్ సప్లై) పెడతారు. చవక యూపీఎస్ ఇచ్చే మెట్ల తరంగానికి అది కొన్నిసార్లు కరెంటు పోగానే ఆగిపోతుంది. అలాంటి మిషన్‌కు ప్యూర్ సైన్‌వేవ్ కావాలి. లోపలి 12 వోల్టుల బ్యాటరీ రెండు మూడేళ్లకు మార్చాల్సి ఉంటుంది.

ల్యాప్‌టాప్ ముట్టుకుంటే జివ్వుమంటే ఎర్తింగ్ చూపించండి. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య మీటరు 3 వోల్టులు దాటి చూపిస్తే సరిచేయించాలి. ఎర్త్ సరిగా లేని ఇంట్లో టీవీ, పీసీ హెచ్‌డీఎంఐతో కలిపినప్పుడు పోర్టులు కాలిపోవడం ఇక్కడి షాపులకు వచ్చే సాధారణ రిపేరు.

అంతర్వేది, ఓడలరేవు, ఉప్పాడ వైపు ఉప్పుగాలికి ర్యామ్ కాళ్లు, పోర్టులు పచ్చబారతాయి. సిస్టమ్ బీప్ కొట్టి తెర రాకపోతే, ప్లగ్గు తీసి, ర్యామ్ బయటికి తీసి పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి పెట్టండి. చాలావరకు అంతే సరిపోతుంది. వానాకాలంలో వాడకపోయినా రోజూ అరగంట నడపండి. లోపలి వేడికి తేమ ఆరుతుంది.

వరి కోతల ముందు సాయంత్రాలు దోమ, పచ్చ పురుగులు వెలుతురుకు ఎగబడతాయి. సన్నవి మానిటర్ అంచుల సందుల్లోంచి ప్యానెల్ పొరల మధ్యకు దూరతాయి. లోపల పురుగు పాకుతున్నట్టు కనిపిస్తే వేలితో నొక్కకండి. అక్కడే నలిగి శాశ్వతంగా మచ్చ పడుతుంది, వారంటీలో దాన్ని ఒప్పుకోవడం కష్టం. తెర ఆపేసి, పక్కన ఒక దీపం వెలిగించి గది చీకటి చేస్తే చాలాసార్లు అదే బయటికొస్తుంది. ఆ నెలల్లో కిటికీకి దోమతెర, గదిలో మానిటర్‌కు దూరంగా ఇంకో బల్బు పెట్టుకుంటే సరి.